మజాపహిత్ కాలపు కెరిస్ అని అమ్మారు, నిజమేనా?

ప్రశ్న: పోయిన నెల మావారితో కలిసి ఇండోనేషియాలో యోగ్యకర్త, బాలి చూసి వచ్చాం. మాలియోబోరో వీధి పక్కన ఒక దుకాణంలో అలలు తిరిగిన బాకు ఒకటి 15 లక్షల రుపియాలకు కొన్నాం. 300 ఏళ్ళనాటి మజాపహిత్ కెరిస్ అనీ, ఉల్క ఇనుముతో చేసిందనీ, మొన మీద దానంతట అదే నిలబడుతుందనీ చెప్పాడు. నిజంగానే నిలబెట్టి చూపించాడు కూడా. ఇంటికొచ్చాక మా తమ్ముడు చూసి "ఇది టూరిస్టు సరుకక్కా" అని తేల్చేశాడు. ఎలా తెలుసుకోవాలి? పైగా ఆ దుకాణదారు ఇప్పుడు బంగారు పని ఉన్న ఇంకో పాత కెరిస్ ఫొటోలు వాట్సాప్‌లో పంపి, పార్సిల్ చేస్తానంటున్నాడు. కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ముందు అతని లెక్క చూద్దాం. జావాలోని మజాపహిత్ రాజ్యం 16వ శతాబ్దం మొదట్లోనే ముగిసిపోయింది. 300 ఏళ్ళ కిందట, అంటే 1720ల్లో, జావాలో మతరాం రాజులు కర్తసుర రాజధానిగా ఏలుతున్నారు. కాబట్టి మీ కెరిస్ 300 ఏళ్ళనాటిదైతే మజాపహిత్‌ది కాదు, మజాపహిత్‌దైతే 500 ఏళ్ళు దాటి ఉండాలి. రెండిట్లో ఒకటి అబద్ధం. చాలాసార్లు రెండూ అబద్ధమే. అయితే అమ్మినవాడు కథ చెప్పినంత మాత్రాన కత్తి పనికిరానిదైపోదు. వయసు సంగతి, పనితనం సంగతి విడివిడిగా తేల్చుకోవాలి.

ఎందుకంటే కొత్తది కావడం వేరు, నకిలీ కావడం వేరు. మదుర దీవిలో సుమెనెప్ జిల్లాలోని ఆయెంగ్ తొంగ్‌తొంగ్ ఊళ్ళో ఇవాళ్టికీ చాలా కుటుంబాలు కెరిస్ చేసే బతుకుతున్నాయి. సోలో (సురకర్త)లోనూ యోగ్యకర్తలోనూ మంచి ఎంపులు, అంటే కెరిస్ చేసే కమ్మరులు, ఉన్నారు. స్వాతంత్ర్యం తర్వాత చేసినవాటిని అక్కడివాళ్ళు "కమర్దికాన్" అంటారు. వాటికి సొంత గౌరవం ఉంది, మంచి ధరా ఉంది. నకిలీ అనాల్సినవి రెండు రకాలు: రేకు కోసి గ్రైండర్‌తో అలలు తీసి కెరిస్ అని అమ్మేది ఒకటి, కొత్తదాన్ని ఆసిడ్‌తో తినిపించి పాతదని అమ్మేది రెండోది. మాలియోబోరో, బాలిలోని సుకవతి బజారు లాంటి చోట్ల మొదటి రకం కుప్పలుగా ఉంటుంది. జకార్తా జలాన్ సురబాయా, సోలోలోని త్రివిందు లాంటి పాత వస్తువుల బజార్లలో రెండోదాని గురించి జాగ్రత్తపడాలి.

ఇక మీ కత్తి దగ్గరికి వద్దాం. కావలసినవి: పగటి వెలుతురు, నగల దుకాణంవాళ్ళు వాడే 10 రెట్ల భూతద్దం, చిన్న అయస్కాంతం, నూలు గుడ్డ, చేతులకు రబ్బరు తొడుగులు. తొడుగులు తప్పనిసరి. జావాలో అలుగు, అంటే కత్తి లోహపు భాగం, మీది గీతలు తేలడానికి నిమ్మరసంలో పాషాణం కలిపి పూస్తారు, దాన్ని వారంగన్ అంటారు. పాషాణం అంటే విషం. పాత కత్తికైనా, బాగా చేసిన కొత్తదానికైనా దాని అవశేషం ఉండవచ్చు. చూడటం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. అలుగు తుడిచిన గుడ్డ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు.

అయస్కాంతం అలుగుకు అంటుకోకపోతే అది ఇత్తడో అల్యూమినియమో, పోతపోసిన బొమ్మ అని అర్థం. అక్కడితో విచారణ ముగిసింది. అంటుకుంటే మాత్రం ఏమీ రుజువు కాదు, రేకు ఇనుముకూ అంటుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ సంగతులు చెప్పేది పిడి తీసి చూడటం. జావా కెరిస్‌కు పిడిని శాశ్వతంగా బిగించరు. అలుగు కింద గుండ్రంగా, చివరికి సన్నబడే కాడ ఒకటి ఉంటుంది, దాన్ని పెసి అంటారు. దానికి దారమో గుడ్డో చుట్టి పిడిలోకి దింపుతారు. అలుగు మొదలును గుడ్డతో పట్టుకుని, రెండో చేత్తో పిడిని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ లాగండి. పటకారు వాడకండి. రాకపోతే బలవంతం చెయ్యకండి, పాత తుప్పు పట్టి ఉండొచ్చు. బాలి, సుమత్రా కత్తులకైతే లక్కలాంటి జిగురుతో అతికించే అలవాటు కూడా ఉంది. వాటిని హెయిర్ డ్రయర్‌తో మొదలు దగ్గర కాస్త వేడి చేస్తే వదులుతుంది. జావా పిడి లోపల ఎపాక్సీ మెరుస్తుంటేనో, కాడ బదులు మర ఉన్న బోల్టు కనిపిస్తేనో అది గోడకు తగిలించే అలంకారమే. ఒక్క జాగ్రత్త: కాడ తుప్పు పట్టి విరిగితే కొత్తది అతికించడం పాత కత్తులకు మామూలే. కాబట్టి కాడ మీద వెల్డింగ్ కనిపించగానే నకిలీ అని రాసెయ్యకండి. దాన్ని మిగతా లక్షణాలతో కలిపి చూడాలి.

పిడి వచ్చాక అలుగును తలకిందులుగా తిప్పి మొదలు చూడండి. అడ్డంగా, ఒక కొస సన్నగా ఉండే ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని గంజ అంటారు. మామూలుగా అది వేరే ముక్క. మధ్యలో బెజ్జం ఉంటుంది, కాడ ఆ బెజ్జంలోంచి బయటికొస్తుంది. మంచి పనిలో అలుగుకూ గంజకూ మధ్య వెంట్రుక సందు కూడా కష్టం. చౌక సరుకులో మూడు రకాల మోసం కనిపిస్తుంది: అసలు గంజ లేకుండా రంపంతో ఒక గీత గీసి ఉంచడం, ఇత్తడి టంకంతో అతికించడం, ఇంకో కత్తి గంజను తెచ్చి తొడగడం. మూడోది తెలుసుకోవాలంటే గంజ మీది గీతలూ అలుగు మీది గీతలూ ఒకే కుదురువా అని చూడాలి. ఒకే ముక్కగా మలిచిన గంజ కూడా ఉంది, "గంజ ఇరాస్" అంటారు. దానికి మామూలుగా కృత్రిమంగా గీసిన గీత ఉండదు.

ఇప్పుడు పామోర్, అంటే అలుగు మీద తెల్లగా, బూడిదరంగుగా తేలే గీతలు. చాలామంది మోసపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త నింపాదిగా చెబుతాం. నికెల్ ఉన్న ఇనుమునూ మామూలు ఇనుమునూ కొలిమిలో కాల్చి, సమ్మెటతో అతికి, మడిచి, మళ్ళీ అతికి పొరలు చేస్తారు. ఆ పొరల దిమ్మెల మధ్యలో ఉక్కు పలక పెడతారు. ఆకురాయితో అరగదీసి రూపం తెచ్చాక, పాషాణం నిమ్మరసంలో మామూలు ఇనుము నల్లబడుతుంది, నికెల్ తెల్లగా నిలుస్తుంది. (తెలంగాణలోని మన కోనసముద్రం ఉక్కు మీది నీటి అలలు ఇలాంటివి కావు, అవి మూసలో ఉక్కు గడ్డకట్టేటప్పుడు లోపల పుట్టినవి. ఈ రెండిటినీ కలిపి "డమాస్కస్" అనే దుకాణదారుకు రెండూ తెలియవని అర్థం.)

పొరలు లోహం లోపల ఉన్నాయి కాబట్టి అసలు పామోర్ ముఖం మీద మాత్రమే ఆగిపోదు. అంచు దాటి, మొదట్లోని గుంటల్లోకి దిగి, గంజ పక్క మీదా గీతలుగా సాగుతుంది. గుంట తవ్విన చోట పొరలు తెగి, గుట్ట పటంలో ఎత్తు గీతల్లాగా వంకరలు తిరుగుతాయి. వాదర (పదును అంచు) వెంట పామోర్ లేని నల్లని సన్న బద్దీ ఒకటి కనిపిస్తుంది, అది మధ్యలోని ఉక్కు. గీతల రంగు అంతటా ఒకేలా ఉండదు. ఒకచోట వెండిలా మెరిసి, ఇంకోచోట పొగలా మసకబారి, కొన్నిచోట్ల మాయమైపోతుంది.

నకిలీ పామోర్ చేసే పద్ధతి వేరు. నున్నటి రేకు మీద మైనంతోనో నెయిల్ పాలిష్‌తోనో బొమ్మ వేసి ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచుతారు. పూత లేని చోటును ఆసిడ్ తింటుంది, పూత ఉన్న చోటు మెరుస్తూ మిగులుతుంది. భూతద్దంలో చూస్తే గట్టు అంతటా ఒకే ఎత్తులో ఉంటుంది, అంచు కోసినట్టు ఉంటుంది, తిన్న భాగమంతా ఒకే రంగు. గుంటల్లో బొమ్మ ఉండదు, అంచు దగ్గర ఠక్కున ఆగిపోతుంది. రెండు ముఖాల మీదా అచ్చు ఒకేలా ఉంటే, గొట్టంతో దొర్లించిన ముగ్గుకూ చేత్తో వేసిన ముగ్గుకూ ఉన్న తేడా మీకే తెలిసిపోతుంది. "బెరాస్ వుతాహ్", అంటే ఒలికిన బియ్యం గింజల నమూనా, ఇలా దొంగచాటుగా వెయ్యడానికి అన్నిటికన్నా తేలిక. అందుకే బజారు సరుకులో ఎక్కువగా అదే ఉంటుంది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. పామోర్ అసలైనదే అయినా కత్తి పాతదని కాదు. స్వచ్ఛమైన నికెల్ రేకు యూరప్ నుంచి జావా కమ్మరులకు అందుబాటులోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో. దాంతో చేసిన పామోర్ పాలలా తెల్లగా, నలుపు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అలాంటి కత్తిని మజాపహిత్‌ది అంటే నవ్వి ఊరుకోండి.

ఉల్క సంగతీ అంతే. జావాలోని ప్రంబనాన్ దగ్గర 18వ శతాబ్దంలో దొరికిన ఉల్క ఒకటి నిజంగానే ఉంది. దాని పెద్ద ముక్క సురకర్త రాజప్రాసాదంలోనే ఉంది. ఆ ఇనుమును వాడింది ఆస్థానం కోసం. 15 లక్షల రుపియాల కత్తిలోకి అది రాదు. ల్యాబులో నికెల్ ఉందని తేలినా ఉల్క రుజువు కాదు, నికెల్ ఉక్కు ముక్క కలిపినా అదే ఫలితం వస్తుంది.

రూపం చూడటం కష్టమేమీ కాదు, కానీ కన్ను పెట్టాలి. అలలను లెక్కపెట్టండి: మొదటి నుంచి మొన దాకా, బయటికి ఉబ్బిన వంపులను కుడి ఎడమలు మార్చుకుంటూ లెక్కిస్తే మొత్తం ఎప్పుడూ బేసి సంఖ్యే రావాలి: 3, 5, 7, 9, 11, 13. సరి సంఖ్య వస్తే ముందు మీ లెక్క మళ్ళీ చూసుకోండి. మళ్ళీ సరే వస్తే చేసినవాడికి సంప్రదాయం తెలియదు. అలలు లేని నిటారు కెరిస్‌లూ పుష్కలంగా ఉన్నాయి, పాత వాటిలో అవే ఎక్కువ సార్లు తగులుతాయి. టూరిస్టులు అలలున్నదే కొంటారని బజారులో అవే పేర్చుతారు. అలుగు మొదలు ఒకవైపు వెడల్పుగా సాగి, గంజ మీద నిట్టనిలువుగా కాక కొంచెం ముందుకు వాలి ఉండాలి. రెండు పక్కలా సమంగా, మామూలు బాకులా నిలువుగా ఉంటే అనుమానించండి. జావా అలుగు పొడవు మామూలుగా 33 నుంచి 38 సెంటీమీటర్లు. బాలిది అంతకన్నా పెద్దది, 40 దాటుతుంది. మొదట్లో ముందు వైపు ఏనుగు తొండంలా చుట్టుకున్న చిన్న కొక్కెం (కెంబంగ్ కచంగ్), వెనక వైపు పళ్ళలా కోసిన గ్రెనెంగ్ ఉంటే వాటిని భూతద్దంలో చూడండి. మంచి గ్రెనెంగ్‌లో జావా లిపిలోని "ఢ" అక్షరం ఆకారం స్పష్టంగా కనిపించాలి. నకిలీలో అది రంపపు పళ్ళే. పాత నిటారు అలుగుకు ఈ అలంకారాలు కొత్తగా కోసి ధర పెంచడం కూడా ఉంది: అలుగంతా అరిగి మెత్తబడి ఉండి కొక్కెం మాత్రం పదునుగా ఉంటే అదే జరిగింది.

పాతదనం ఎలా పుట్టిస్తారంటే, ఆసిడ్‌లో నానబెట్టడం, ఉప్పు మట్టిలో పాతిపెట్టడం. ఆసిడ్ తిన్న అలుగు అంతటా ఒకేలా గుంటలు పడుతుంది, అంచులూ వివరాలూ సమంగా గుండ్రమవుతాయి, కాడ కూడా అలాగే తినేసి ఉంటుంది. నిజంగా వాడిన కత్తి అరుగుదల అసమానం. జావాలో సురో నెలలో కత్తులను కడిగి పాత నలుపు తీసి కొత్తగా పూస్తారు. అలా ఏళ్ళ తరబడి కడిగినందువల్ల మొన, వాదర సన్నబడతాయి. మొదలు మందంగా మిగులుతుంది, పిడిలో దాగిన కాడ మీద చాలాసార్లు ముదురు గోధుమ రంగు, గట్టిపడిన తుప్పు ఉంటుంది. గుడ్డతో తుడిస్తే నారింజ రంగు పొడి రాలుతుంటే అది ఈ మధ్య పట్టిన తుప్పు. బాలి కత్తుల విషయంలో ఇంకో గుర్తు: అక్కడి సంప్రదాయం అలుగును నున్నగా ఉంచడం. కాబట్టి "పాత బాలి కెరిస్" అని తుప్పు తిని బండబారిన అలుగు చూపిస్తే నమ్మకండి.

ఇంకో రకం కూడా మీ దుకాణదారు దగ్గర ఉండే ఉంటుంది: పిడీ అలుగూ ఒకే ఇనుప ముక్కగా, పిడి చోట కూర్చున్న మనిషి బొమ్మతో, పొట్టిగా ఉండేవి. నైవేద్యంలో పెట్టే చిన్న కత్తులుగా (కెరిస్ సజెన్) అసలువి ఉన్నాయి. కానీ "కెరిస్ మజాపహిత్" అన్న పేరు విదేశీ కొనుగోలుదారుల్లో పాకినకొద్దీ వీటికి నకళ్ళు పుట్టుకొచ్చాయి. పోత ఇనుము అయితే బొమ్మ ముఖం మీద, పక్కల్లో మూస అతుకు గీత, చిన్న చిన్న గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. కొలిమిలో కొట్టినదానికి అవి ఉండవు.

ఒర గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే పాత కత్తికి కొత్త ఒర, కొత్త కత్తికి పాత ఒర రెండూ మామూలే. యోగ్యకర్త దగ్గర బంతుల్ జిల్లాలోని బన్యుసుమురుప్ ఊరు ఒరలూ పిడులూ ఇత్తడి తొడుగులూ చేసి చుట్టుపక్కలంతా సరఫరా చేస్తుంది. గంజ ఒర నోట్లో సందు లేకుండా కూర్చోవాలి; ఊపితే లోపల గలగలలాడకూడదు. తిమొహో చెక్క మీది నల్ల మచ్చలు ఖరీదైనవి కాబట్టి వాటిని రంగుతో దింపుతారు. ఒర నోటి దగ్గర చెక్క కోసిన అడ్డు భాగం చూడండి, అసలు మచ్చ లోపలికి సాగుతుంది, రంగు మచ్చ పైనే ఆగుతుంది. దంతం పిడి అంటే కొనకండి. రెసిన్ అయితే డబ్బు పోతుంది, నిజంగా దంతమే అయితే కస్టమ్స్‌లో కేసు అవుతుంది.

నిలబెట్టి చూపించిన విద్య: మొన కొద్దిగా మొద్దుబారి, కింద గరుకు చెక్కో గుడ్డో ఉండి, బరువు సరిగ్గా మొన మీదికి వచ్చేదాకా ఓపిగ్గా సర్దితే చాలా కత్తులు నిలబడతాయి. బల్ల కింద అయస్కాంతం ఉండనక్కర్లేదు కూడా. నిన్న చేసిన కత్తీ నిలబడుతుంది. దీనికీ వయసుకూ సంబంధం లేదు.

ఇవన్నీ చూశాక మీ కత్తి అలుగు పొరలున్నదై, గంజ విడిగా ఉండి, అలలు బేసిగా వచ్చి, కొత్తదని మాత్రమే తేలితే మీరు నష్టపోలేదు. సుమెనెప్‌లో చేతితో కొట్టిన సాధారణ కెరిస్‌కు అది మరీ అన్యాయమైన ధర కాదు, కథకు కాస్త ఎక్కువ ఇచ్చారంతే. పామోర్ ఆసిడ్ బొమ్మ అయి, కాడ బోల్టు అయితే మీ తమ్ముడే గెలిచాడు.

ఇక రెండోది. ఫొటోలు చూసి బంగారు పని ఉన్న కెరిస్ కొనవద్దనే మా మాట. అసలు బంగారు పనిని కినాతాహ్ అంటారు. ఇనుమును ఉబ్బెత్తుగా చెక్కి, గరుకు చేసిన చోట బంగారం ఎక్కిస్తారు. గిల్టు రంగు అయితే గుంటల్లోకి కారి పేరుకుంటుంది, కుంచె గీతలు కనిపిస్తాయి, ఒరకు రాసుకునే ఎత్తు భాగాల్లో ముందు పోతుంది. ఇంకా కొనాలనే ఉంటే అతన్ని ఈ ఫొటోలు అడగండి: పిడి తీసేసిన అలుగు రెండు ముఖాలూ, గంజ అడుగు భాగం, కాడ, వాదర పక్క నుంచి దగ్గరగా, బంగారం అంచు దగ్గరగా, పక్కన స్కేలుతో. పిడి తియ్యడం అపచారం అంటాడేమో. కాదు, కత్తిని కడిగే ప్రతిసారీ తీస్తూనే ఉంటారు. అతను ఇచ్చే "సర్టిఫికెట్"లో రాసిన కాలం అంచనా మాత్రమే, అదీ అమ్మేవాడి అంచనా.

చట్టం వైపు కూడా చూడండి. ఇండోనేషియాలో 2010 నాటి సాంస్కృతిక వారసత్వ చట్టం 50 ఏళ్ళు దాటి చారిత్రక విలువ ఉన్న వస్తువులకు వర్తించగలదు. వారసత్వ వస్తువును అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. పార్సిల్ పత్రంలో ఏమని రాస్తావని ఆ దుకాణదారును అడగండి. "కొత్త హస్తకళ" అని రాస్తానంటే, మీకు చెప్పేదొకటి, అధికారులకు చెప్పేదొకటి. మన దేశంలోనూ 9 అంగుళాలకు మించిన బాకులు ఆయుధాల నియమావళి పరిధిలోకి వస్తాయి. కెరిస్ అలుగు 13 అంగుళాల పైమాటే కాబట్టి పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. డబ్బు పంపకముందే విశాఖ కస్టమ్స్ కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి.

మీ దగ్గరున్నదాన్ని విశాఖ ఉప్పుగాలిలో ఒరలో పెట్టి మరిచిపోకండి, చెక్క తేమ పీల్చి అలుగుకు అంటిస్తుంది. రెండు నెలలకోసారి తీసి, పొడి గుడ్డతో తుడిచి, కుట్టు మిషన్‌కు వేసే తేలిక నూనె రెండు చుక్కలు పలచగా పూయండి. కొబ్బరినూనె వద్దు, జిగురు పట్టి దుమ్ము పేరుకుంటుంది. నిమ్మకాయతోనో చింతపండుతోనో తోమితే నలుపు పోయి పామోర్ వెలిసిపోతుంది. దాన్ని మళ్ళీ తేల్చాలంటే పాషాణం పూత కావాలి, ఆ పని ఇంట్లో చెయ్యకూడదు.